నడుస్తూ నడుస్తూ ఆగిపోయే బోటు ఇంజన్: పంపు విప్పే ముందు చేయాల్సిన పనులు

వేట నిషేధం అయిపోయి జూన్ 15న బోట్లు కదిలాయంటే చాలు, వారం తిరక్కుండా నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, ఒడ్డున స్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా ఉంది. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి అరగంట వెళ్ళేసరికి పికప్ పడిపోయి ఆగిపోతోంది. ఓ పది నిమిషాలు వదిలేసి హ్యాండిల్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతోంది. ఏమై ఉంటుంది?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది, అందుకని ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

అడిగినవాళ్ళలో చాలామంది నా దాకా వచ్చేసరికే నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్కు) మార్పించి, పంపు (నాజిల్‌కి ఒత్తిడితో డీజిల్ పంపేది) విప్పించి, నాలుగైదు వేలు వదిలించుకుని ఉంటారు. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఒక్క మాట ఆలోచించండి, అరిగిపోయిన నాజిల్ పది నిమిషాల్లో కొత్తదైపోదు కదా? వచ్చి పోయే జబ్బంటే ఎక్కడో ఒక దారి మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది. చాలాసార్లు అది డీజిల్ వచ్చే దారి. అందుకే వెతకడం ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఇంజన్ వైపు రావాలి. మనవాళ్ళు తిరగేసి ఇంజన్ దగ్గర మొదలుపెడతారు.

నేను రాసేది ఫైబర్ బోట్ల మీద వాడే 8 నుంచి 10 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్ల గురించి, లాంగ్ టెయిల్ (పొడుగు షాఫ్టు చివర ప్రొపెల్లర్ ఉండేది) అయినా, లోపల బిగించినదైనా. పెట్రోలు అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్) ఉన్నవాళ్ళకి చివర్లో కొంచెం చెప్పాను.

ఇప్పుడే సముద్రంలో ఆగిపోయి ఉంటే

ముందు లంగరు వెయ్యండి, పానా సంగతి తర్వాత. మొగ దగ్గర ఇంజన్ ఆగితే కెరటం బోటుని అడ్డం తిప్పేస్తుంది, అప్పుడు ఫిల్టర్ విప్పుతూ తల దించుకుని కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. లైఫ్ జాకెట్లు వేసుకోండి, పక్క బోటుకి ఫోన్ చెయ్యండి. పరిస్థితి చెయ్యిదాటేలా ఉంటే కోస్ట్ గార్డ్ నంబర్ 1554, ఇది అందరి ఫోన్లలోనూ ఉండాలి.

ఎలా ఆగుతోందో ముందు గమనించండి

దీనికి పానా కూడా అక్కర్లేదు, అయినా ఎవరూ చెయ్యరు. ఆగే ముందు చివరి నిమిషంలో శబ్దం ఎలా ఉంది, పొగ ఏ రంగులో ఉంది, సరంగుని (బోటు నడిపేవాణ్ణి) అడిగి కాగితం మీద రాసుకోండి.

రేసు పెరుగుతూ తగ్గుతూ ఊగి ఊగి, నీరసపడి ఆగితే డీజిల్ అందడం లేదు, లేదా డీజిల్లో గాలి కలుస్తోంది. నల్ల పొగ కక్కుతూ బరువెక్కి ఆగితే లోడు ఎక్కువైంది, లేదా ఇంజన్‌కి గాలి చాలడం లేదు. తెల్ల పొగతో తడబడితే డీజిల్లో నీళ్ళు ఉండొచ్చు. ఏ సూచనా లేకుండా ఠక్కున ఆగిపోతే స్టాప్ లివరు (ఇంజన్ ఆపే పిడి) వైబ్రేషన్‌కి జరిగిందేమో, ప్రొపెల్లర్‌కి వల చుట్టుకుందేమో చూడాలి. బాగా వేడెక్కాకే ఆగి, చల్లారితే గానీ స్టార్ట్ కాకపోతే అది వేరే కథ, 8వ అంచెలో చెబుతాను.

కావలసినవి

పానాల సెట్టు, స్క్రూడ్రైవర్. రెండు ఖాళీ మంచినీళ్ళ సీసాలు, లోపలిది కనపడేవి. ఐదు లీటర్ల శుభ్రమైన క్యాను ఒకటి. మీ డీజిల్ పైపు సైజుకి సరిపోయే తెల్ల ప్లాస్టిక్ పైపు రెండడుగులు, ఇందులోంచి డీజిల్ పారడం కంటికి కనపడాలి. కొత్త ఫిల్టర్, నాలుగు హోస్ క్లిప్పులు, డీజిల్ పైపు బోల్టులకి వేసే కొత్త రాగి వాషర్లు ఓ ఆరు. పీచు ఊడని గుడ్డ. బకెట్ ఒకటి, ఎందుకంటే తీసిన డీజిల్ ఏట్లో పారబోయకూడదు. మీ బీడీ, పక్కవాడి బీడీ రెండూ ఆర్పేసి మొదలుపెట్టండి.

ఇక అంచెలు

1. ట్యాంకు మూత. నవ్వకండి, నేను చూసిన వాటిలో దీనంత ఎక్కువసార్లు దొరికిన తప్పు ఇంకోటి లేదు. ట్యాంకులోంచి డీజిల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికి మూతకి సన్నని బెజ్జం ఉంటుంది. ఉప్పు నీళ్ళు పడతాయని మనవాళ్ళు మూత మీద పాలిథిన్ కవరు వేసి రబ్బరు బ్యాండు కట్టేస్తారు. లేకపోతే ఉప్పు, గ్రీజు కలిసి ఆ బెజ్జం మూసుకుపోతుంది. ఇంజన్ అరగంట, ముప్పావుగంట బాగానే తిరుగుతుంది, తర్వాత ట్యాంకు లోపల గాలి పలచబడి డీజిల్ రాదు. ఆగాక నెమ్మదిగా ఎక్కడినుంచో గాలి చేరి మళ్ళీ స్టార్టవుతుంది. పరీక్ష చాలా తేలిక: ఇంజన్ నీరసపడుతుండగా మూత వదులు చెయ్యండి. సుయ్‌మని గాలి పీల్చుకున్న చప్పుడై ఇంజన్ లేచిందంటే దొరికినట్టే. ప్లాస్టిక్ క్యానే ట్యాంకుగా వాడేవాళ్ళైతే దాని పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయేమో చూడండి. బెజ్జాన్ని సన్నని తీగతో శుభ్రం చెయ్యండి. నీళ్ళు పడతాయన్న భయముంటే బెజ్జానికి చిన్న పైపు తగిలించి కిందికి వంచండి, అంతేగానీ మూసెయ్యకండి.

2. ట్యాంకు అడుగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు ఇసుక మీద ఉంటుంది, ట్యాంకులో సగం డీజిల్ ఉంటుంది. మిగతా సగంలో ఉన్న తేమ గాలి రాత్రిళ్ళు చల్లబడి ట్యాంకు గోడలకి చెమట పట్టినట్టు పట్టి కిందికి జారుతుంది. నీళ్ళు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరతాయి. నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లగా జిగురులా తయారవుతుంది, చేత్తో ముట్టుకుంటే చేపల మీది జిగటలా జారుతుంది. ఏట్లో నడిపేటప్పుడు ఇదంతా అడుగునే పడుకుని ఉంటుంది, కెరటాల్లో బోటు ఊగగానే లేచి పైపు నోటికి వస్తుంది. ఒడ్డున బాగుండి సముద్రంలో ఆగడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ నుంచి, డ్రెయిన్ లేకపోతే పైపు అడుగుదాకా దించి, సీసా నిండా డీజిల్ తియ్యండి. పైనుంచి తీస్తే ప్రయోజనం లేదు, పైన ఎప్పుడూ బంగారంలాగే ఉంటుంది. సీసాని అరగంట కదపకుండా నిలబెట్టండి. అడుగున వేరే పొరగా గీత కనపడినా, పూసల్లా బిందువులు దొర్లుతున్నా నీళ్ళున్నట్టే. నల్ల తెట్టు కనపడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగాలి. ఒక్క ఫిల్టర్ మార్చి ఊరుకుంటే అది మూడు రోజుల్లో మళ్ళీ మూసుకుపోతుంది. కడిగాక ట్యాంకు ఎండలో పూర్తిగా ఆరాలి.

ఇక్కడే నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. రెండు వారాలపాటు మా బోటు సరిగ్గా ఇలాగే ఏడిపించింది. ఇద్దరు మెకానిక్కులు చూశారు, పంపు రెండుసార్లు విప్పారు, నాజిల్ కొత్తది వేశారు. చివరికి నేను కోపంతో ట్యాంకు బోర్లించి టార్చిలైటు వేసి చూస్తే అడుగున రూపాయి బిళ్ళంత వెండి రంగు రేకు తళుక్కుమంది. ఇంజనాయిల్ డబ్బా మూతి మీద అంటించి వస్తుందే, ఆ సీలు. ఆ ఖాళీ డబ్బాతో ఎవడో డీజిల్ పోశాడు, సగం ఊడిన సీలు లోపల పడింది. ఇంజన్ లాగుతున్నంతసేపూ వెళ్ళి పైపు నోటికి అతుక్కునేది, ఇంజన్ ఆగగానే వదిలేసి కింద పడిపోయేది. మేం విప్పి చూసినప్పుడల్లా డీజిల్ చక్కగా వచ్చేది.

3. వేరే క్యానుతో నడపడం. ఒక్క పరీక్షే చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యండి. ఐదు లీటర్ల క్యానులో కొత్త డీజిల్ పోసి, ఇంజన్ కన్నా రెండడుగులు ఎత్తులో గట్టిగా కట్టి, పాత ట్యాంకునీ పాత పైపునీ వదిలేసి కొత్త పైపుతో నేరుగా ఫిల్టర్‌కి ఇవ్వండి. ఎయిర్ తీసి (అంటే పైపుల్లో చిక్కిన గాలి వదిలించి, 5వ అంచె చూడండి) గంటసేపు లోడు మీద నడపండి. ఒక్కసారి కూడా తడబడకపోతే జబ్బు ట్యాంకులోనో, మూతలోనో, పాత పైపులోనో ఉంది, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. అలాగే ఆగితే ట్యాంకు తప్పు లేదు, ముందుకు వెళ్ళండి. క్యాను మూత కొంచెం వదులుగా ఉంచడం మర్చిపోకండి, లేకపోతే 1వ అంచెలోని జబ్బు మీరే కొత్తగా తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. క్యాను సైలెన్సర్ మీదికి ఒరిగే చోట కట్టొద్దు.

4. ఫిల్టర్, పైపు. ఫిల్టర్ ఎన్నాళ్ళైందో గుర్తులేకపోతే మార్చెయ్యండి. పాతదాన్ని విసిరెయ్యకుండా కోసి లోపల చూడండి, అక్కడున్న మురికే ట్యాంకులో ఏముందో చెబుతుంది. తర్వాత పంపులోకి వెళ్ళే పైపు ఊడదీసి, సీసాలో పెట్టి, ట్యాంకు కుళాయి తిప్పి ఒక నిమిషం పట్టండి. 10 హెచ్‌పీ ఇంజన్ ఫుల్ లోడు మీద గంటకి రెండు, రెండున్నర లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 40 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో సగం. సీసాలోకి దానికి నాలుగైదు రెట్లు, 200 మిల్లీలీటర్ల దాకా ఆగకుండా ధారగా పడాలన్నది నా లెక్క. చుక్కలు చుక్కలుగా పడినా, మొదట ధారగా వచ్చి సన్నబడినా దారిలో అడ్డం ఉంది. ఇది ట్యాంకు ఇంజన్ కన్నా పైన ఉన్నవాళ్ళకి. ట్యాంకు కిందుంటే ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ పైకి లాగే చిన్న పంపు) లివరు చేత్తో కొడుతూ చూడండి, కొట్టినప్పుడల్లా బలంగా చిమ్మాలి.

రబ్బరు పైపుని పైకి చూసి బాగుందనుకోకండి. నీళ్ళ పైపు తెచ్చి డీజిల్‌కి వేస్తే లోపలి పొర ఉబ్బి ఊడి నాలుకలా వేలాడుతుంది, లాగినప్పుడు మూసుకుంటుంది. డీజిల్‌కి పనికొచ్చే పైపే అడిగి తెచ్చుకోండి.

5. గాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు "డీజిల్ ఎక్కడా కారడం లేదు, కాబట్టి లీకు లేదు" అనుకోవడం. ట్యాంకు ఇంజన్ కన్నా పైన ఉంటే లీకు ఉన్నచోట డీజిల్ బయటికి కారుతుంది, నిజమే. ట్యాంకు కిందుండి పంపు లాగుతుంటే అదే లీకు బయటికి కారదు, లోపలికి గాలి పీలుస్తుంది, పైపు పొడిగా శుభ్రంగా కనపడుతుంది. అందుకే తెల్ల పైపు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య అది పెట్టి ఇంజన్ నడిపి, వెనకాల తెల్ల కాగితం పట్టుకుని చూడండి. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు బుడగలు వస్తే ఫర్వాలేదు. ఐదు నిమిషాలైనా సోడాలోలా బుడగలు వస్తూనే ఉంటే గాలి పీలుస్తోంది. ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటుకీ కొత్త క్లిప్పు, కొత్త రాగి వాషర్లు వేస్తూ రండి. వాడేసిన రాగి వాషరే తిరగేసి బిగించడం మన అలవాటు, ఆ పది రూపాయల దగ్గర పీనాసితనం పనికిరాదు. పరీక్ష అయ్యాక తెల్ల పైపు తీసెయ్యండి, వేడికి అది మెత్తబడి జారిపోతుంది.

ఎయిర్ తీసే వరుస ఇదీ: ముందు ఫిల్టర్ పైన ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురగ ఆగి డీజిల్ నిండుగా వచ్చాక, డీజిల్ కారుతుండగానే బిగించండి. తర్వాత పంపు దగ్గర అలాగే. చివర్న నాజిల్ దగ్గరి సన్న పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి, రేసు పూర్తిగా ఇచ్చి, హ్యాండిల్ తిప్పుతుంటే అక్కడ చిట్లి చిట్లి డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించండి.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: నాజిల్ బయటికి తీసి స్ప్రే చూసేటప్పుడు వేలు అడ్డం పెట్టకండి, మొహం దగ్గర పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, లోపల కండ కుళ్ళిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, ఏం జరిగిందో డాక్టరుకి వివరంగా చెప్పాలి.

6. లివర్లు, కేబుళ్ళు. స్టాప్ లివరు స్ప్రింగు బలహీనపడితే వైబ్రేషన్‌కి అదే కొంచెం కొంచెం ఆఫ్ వైపు జరుగుతుంది. ఇంజన్ తడబడుతున్నప్పుడు చేత్తో రన్ వైపు నొక్కి పట్టుకుని చూడండి. రేసు కేబుల్ బిగించే స్క్రూ వదులైందేమో కూడా చూడండి. కరెంటుతో ఆగే స్విచ్చి ఉన్న ఇంజన్‌కైతే దాని వైరు కొనలు పచ్చగా చిలుం పట్టాయేమో చూసి గీకండి. ఐదు నిమిషాల పని.

7. లోడు. ఇంజన్ ఆపి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. షాఫ్టు బుష్ దగ్గర తెగిన వల దారం చుట్టుకుని వేడికి కరిగి ప్లాస్టిక్ ముద్దైపోతుంది, నీళ్ళలో ఉండగా కనపడదు. రెక్క వంగినా, బోటు అడుగున గుల్లలు పట్టినా ఇంజన్ మీదే బరువు. కొత్తగా పెద్ద ప్రొపెల్లర్ వేశాకే ఈ జబ్బు మొదలైందా? అయితే పాతది వేసి చూడండి. నల్ల పొగ ఉంటే ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడాలి, ఉప్పు చెమ్మకి ముద్దై ఉంటుంది. ఒడ్డున రెండు నిమిషాలు అది లేకుండా నడిపి తేడా చూడొచ్చు, సముద్రంలోకి మాత్రం అలా వెళ్ళొద్దు.

8. వేడి. గాలితో చల్లబడే ఇంజనైతే సిలిండర్ రెక్కల మధ్య నూనె, ఉప్పు, దుమ్ము కలిసి పిడకలా పేరుకుంటుంది, గీకి తియ్యండి. వాన పడుతుందని ఇంజన్ పెట్టెని అన్ని వైపులా మూసేసినా గాలి ఆడదు. నీళ్ళతో చల్లబడేదైతే నీళ్ళు లాగే నోటికి ప్లాస్టిక్ కవరు గానీ, జెల్లీచేప గానీ అడ్డం పడిందేమో, బయటికి నీళ్ళు ఎప్పటిలా పడుతున్నాయో లేదో చూడండి. ఇంజనాయిల్ కొలిచి చూడండి. తక్కువుంటే పొయ్యాలి. పాలలా తెల్లబడినా, మట్టం పెరిగి డీజిల్ వాసన వేసినా ఇంక నడపొద్దు, మెకానిక్కు దగ్గరికే.

చల్లగా ఉన్నప్పుడు హ్యాండిల్ బరువుగా తిరిగి, వేడెక్కి ఆగాక సులువుగా తిరిగిపోతుంటే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే బిగువు) పోతోంది, వాల్వుల గ్యాప్ చూపించండి. పంపు, నాజిల్ అనుమానించాల్సింది కూడా ఇప్పుడే, ఈ పైవన్నీ అయ్యాక.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి

ఒడ్డున ప్రొపెల్లర్ గాలిలో తిప్పి, రేసు ఇచ్చి, "సూపర్" అనుకుని వెళ్ళిపోవడమే అసలు పొరపాటు. లోడు లేకుండా ఇంజన్ తాగే డీజిల్ చాలా తక్కువ, సగం మూసుకున్న పైపు కూడా దానికి సరిపోతుంది. బోటుని నీళ్ళలో పెట్టి, గట్టి గుంజకి మందపాటి తాడుతో కట్టి, ముప్పావు రేసులో గంట నడపండి. తాడు వెనకాల ఎవరూ నిలబడకూడదు, ప్రొపెల్లర్ దరిదాపుల్లో పిల్లలు ఈదకుండా ఒక మనిషిని పెట్టండి. మధ్యలో ఇద్దరు మనుషులు బోటుని అటూ ఇటూ ఊపాలి, అడుగున ఏదైనా మిగిలుంటే లేస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడొకసారి, పావు ఉన్నప్పుడొకసారి చెయ్యండి. ఆపి పది నిమిషాలు ఆగి వెంటనే అందుకుంటుందో లేదో చూడండి. మొదటి వేటకి ఇంకో బోటు తోడుగా, ఒడ్డు కనపడేంత దూరంలోనే.

ఇంకోటి, ఒకేసారి నాలుగు మార్చొద్దు. ఫిల్టర్, పైపు, మూత అన్నీ ఒకే పూట మార్చేసి బాగైతే ఏది తప్పో తెలియదు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ నాలుగూ మార్చాలి.

వచ్చే నిషేధానికి ముందు ట్యాంకు నిండా పోసి ఉంచండి, ఖాళీ లేకపోతే చెమట పట్టే చోటే ఉండదు. ప్లాస్టిక్ క్యాను ఎండకి ఉబ్బుతుంది కాబట్టి దానిలో మాత్రం రెండు వేళ్ళు తగ్గించండి. డీజిల్ పోసేటప్పుడు గరాటులో పాత లుంగీ గుడ్డ వెయ్యకండి, దాని పీచే ఫిల్టర్‌లో చేరుతుంది, సన్న జల్లెడ ఉన్న గరాటు కొనుక్కోండి.

పెట్రోలు అవుట్‌బోర్డ్ ఉన్నవాళ్ళకి

దారి ఇదే, పేర్లే వేరు. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ ఉంటుంది, అది తెరవకుండా బయల్దేరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంజన్ నీరసపడుతుండగా పైపు మధ్య రబ్బరు బల్బు నొక్కండి, నొక్కితే లేస్తే పెట్రోలు అందడం లేదని అర్థం. నొక్కినా బల్బు గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, పైపు కొనల్లోని ఓ-రింగులు చూడండి. సరంగు నీళ్ళలో పడితే ఇంజన్ ఆగేలా నడుముకి కట్టుకునే తాడు క్లిప్పు వదులైనా ఠక్కున ఆగుతుంది. ఇంజన్‌ని చల్లబరిచి వెనకాల సన్నగా పడే నీళ్ళ ధార ఆగితే వెంటనే ఇంజన్ ఆపెయ్యండి. పెట్రోలు ఆవిరి డీజిల్‌లా కాదు, చిన్న నిప్పురవ్వ చాలు, మూసి ఉన్న చోట పైపులు ఊడదియ్యకండి.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే అప్పుడు నన్ను అడగండి, కానీ నాలుగు విషయాలు రాసుకుని అడగండి: ఎంతసేపు నడిచాక ఆగింది, పొగ రంగేంటి, సీసాలో అరగంట తర్వాత ఏం కనపడింది, వేరే క్యానుతో నడిపితే ఏమైంది. ఈ నాలుగూ లేకుండా ఫోన్ చేస్తే మాత్రం నేను అడిగే మొదటి ప్రశ్న ట్యాంకు మూత తీసి చూశారా అనే.